రాజధాని యాత్రలు: ఇచ్ఛాపురం నుంచి ఇడుపులపాయ దాకా

పాలకులు కొలువున్న ఊరికి జనం గుంపు కట్టి వెళ్లి, తమ కోరికను వాళ్ల ఎదుట పెట్టే నిరసన రూపాన్ని రాజధాని యాత్ర అనవచ్చు. ఇది చాలా పాతది. 1381లో తలపన్ను భరించలేక కెంట్, ఎసెక్స్ రైతులు లండన్ మీదికి నడిచారు. కుర్ర రాజు వాళ్లు అడిగినవన్నీ ఒప్పుకొని, గుంపు చెదిరాక అన్నీ రద్దు చేశాడు. 1789 అక్టోబర్‌లో రొట్టె దొరకని పారిస్ ఆడవాళ్లు వెర్సై కోటకు నడిచి, రాజునే వెంటబెట్టుకొని పారిస్‌కు తెచ్చారు. 1922లో ముస్సోలినీ అనుచరులు రోమ్ మీదికి కదలడాన్ని కూడా ఈ వరుసలో చెబుతుంటారు గానీ అది నిరసన కన్నా బెదిరింపు. పైగా నాయకుడు నడవనే లేదు, మిలాన్‌లో రైలెక్కి వచ్చి అధికారం పుచ్చుకున్నాడు. ఎంతమంది చేరారు, ఎవరు ఎదురొచ్చారు, వినతిపత్రం ఎవరి చేతికి అందింది అని చూసి ఇలాంటి యాత్రల జయాపజయాలు తేల్చడం అలవాటు. తెలుగు నేల మీద, ముఖ్యంగా పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఉన్న రాయలసీమలో జరిగినదానికి ఆ కొలత సరిపోదు. ఇక్కడ యాత్రకు బలం దారిలోనే పోగయింది. ఆ సంగతి గ్రహించిన నాయకులు చివరికి రాజధానిని గమ్యంగా పెట్టుకోవడమే మానేశారు. దానివల్ల సీమకు వచ్చిందీ ఉంది, పోయిందీ ఉంది.

గమ్యం చేరినంత మాత్రాన పని కాదనడానికి బయటి దేశాల్లో సాక్ష్యం బోలెడంత దొరుకుతుంది. 1894లో జేకబ్ కాక్సీ అనే ఒహాయో వ్యాపారి, పని పోయినవాళ్లను వెంటబెట్టుకొని వాషింగ్టన్‌కు నడిచాడు. ప్రభుత్వం రోడ్లు వేయించి పని కల్పించాలన్నది వాళ్ల కోరిక. మే 1న చట్టసభ భవనం ముందు పచ్చిక తొక్కాడన్న నేరం మీద అతన్ని పట్టుకున్నారు. 1932లో మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన మాజీ సైనికులు, తమకు రావలసిన బోనస్ సొమ్ము ముందే ఇమ్మని అదే ఊళ్లో గుడిసెలు వేసుకుంటే జులై 28న సైన్యం వచ్చి ఖాళీ చేయించింది. 1936లో ఇంగ్లండ్‌లోని జారో పట్టణం నుంచి 200 మంది నిరుద్యోగులు లండన్ దాకా నడిచి వెళ్తే ప్రధాని బాల్డ్విన్ వాళ్లను కలవనే లేదు. వీటికి ఎదురు ఉదాహరణ 1941లో ఉంది. రైల్వే పోర్టర్ల సంఘం నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్, రక్షణ పరిశ్రమల్లో నల్లవారికి ఉద్యోగాలు ఇవ్వకపోతే వాళ్లను వేలకొద్దీ వాషింగ్టన్‌కు తెస్తానన్నాడు. ఊరూరా సంఘాలు ఏర్పడుతున్నాయి. యాత్రకు వారం కూడా లేదనగా, జూన్ 25న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. యాత్ర జరగలేదు, జరగనక్కర్లేకపోయింది. 1963 ఆగస్టు 28న రెండున్నర లక్షల మంది వచ్చిన ప్రఖ్యాత వాషింగ్టన్ సభను తలపెట్టింది కూడా ఈ రాండాల్ఫే. అప్పటికి ఆయన చేతిలో ఇరవై రెండేళ్ల సన్నాహం ఉంది.

తెలుగువాళ్ల మొదటి పెద్ద రాజధాని యాత్ర 1937-38 నాటి రైతు యాత్ర. అప్పటి రాజధాని మద్రాసు, కొత్తగా వచ్చిన కాంగ్రెస్ మంత్రివర్గానికి రాజగోపాలాచారి ప్రధాని. ఆంధ్ర రైతు సంఘం పిలుపు మీద 2,000 మందికి పైగా రైతులు ఉత్తర కొసన ఇచ్ఛాపురం నుంచి బయలుదేరారు. తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజులు, 1,500 మైళ్లు నడిచారు. వందలాది సభలు పెట్టారు, 1,100కు పైగా వినతిపత్రాలు పోగుచేసి 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అందజేశారు. ఇందులో ఆలోచించాల్సిన సంగతులు రెండు. ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు తిన్నగా నడిస్తే ఆ దూరంలో సగానికి మించదు. అంటే వాళ్లు రాజధానికి దగ్గరి దారి వెతకలేదు, పల్లె పల్లెకూ తిరిగే చుట్టుదారే కావాలనుకున్నారు. రెండోది తేదీల సంగతి. యాత్ర ముఖ్య డిమాండ్లలో ఒకటి రైతు రుణాల నుంచి విముక్తి. ఆ కోరికను తీర్చే మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం మార్చి 22నే, వినతిపత్రాలు చేరడానికి అయిదు రోజుల ముందే, అమల్లోకి వచ్చింది. చట్టం ఒక్క యాత్ర వల్లే వచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది. ఎన్నికల్లో కాంగ్రెస్ ఇచ్చిన మాట కూడా అదే. అయినా, బిల్లు సభలో నలుగుతున్న నెలల్లో వందల ఊళ్లలో రైతులు అదే మాట మాట్లాడుకుంటున్నారని మంత్రులకు తెలియకుండా ఉండదు. రాజధానిలో అడుగుపెట్టే నాటికి యాత్ర పని చాలావరకు అయిపోయింది.

సరిగ్గా ఆ నెలల్లోనే, 1937 నవంబర్ 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు, నదీజలాల్లో వెనకబడిన జిల్లాలకు ముందువాటా అన్నవి అందులోని ముఖ్యాంశాలు. దాని వెనక నడిచినవాళ్లు ఎవరూ లేరు. ఆ ఒప్పందం ప్రకారమే 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది, గుడారాల్లో ప్రభుత్వం నడిచింది. మూడేళ్ల ఒక నెలకు, 1956 నవంబర్ 1న, అది హైదరాబాద్‌కు పోయింది. నీళ్ల మాట కాగితం మీద ఉండిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాదూ పోయి అమరావతి వచ్చింది. తర్వాత మూడు రాజధానులన్నారు, మళ్లీ అమరావతే అన్నారు. ఒక మనిషి జీవితకాలంలో పులివెందుల రైతుకు రాజధాని మద్రాసు, కర్నూలు, హైదరాబాద్, అమరావతి అని నాలుగు ఊళ్లయింది. లండన్‌కో పారిస్‌కో నడిచేవాడికి దారి వెతుక్కునే పని లేదు. సీమవాడికి ఎటు నడవాలన్నదే మొదటి ప్రశ్న. వాడి కోరిక కూడా నీళ్ల కోరిక, నీళ్లు ఉండేది సచివాలయంలో కాదు.

అందుకే 1980ల మధ్యలో సీమ పెద్ద యాత్ర రాజధానికి పోలేదు. అప్పుడు కాంగ్రెస్ నాయకుడిగా ఉన్న పులివెందుల మనిషి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఇతర సీమ నాయకులతో కలిసి లేపాక్షి నుంచి పోతిరెడ్డిపాడుకు నడిచారు. శ్రీశైలం జలాశయం వెనక నీటిని కాలువలోకి వదిలే తూము అక్కడుంది. తెలుగుగంగ పేరుతో మద్రాసు గొంతు తడపడానికి నీళ్లు తీసుకుపోయే ఏర్పాటు జరుగుతున్నప్పుడు, ఆ కాలువ మోసే భూమి ఎండితే ఎట్లా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ దశాబ్దంలోనే ప్రొద్దుటూరులో వైద్యుడూ రచయితా, 1983లో అక్కడి శాసనసభ్యుడూ అయిన ఎం.వి. రమణారెడ్డి రాయలసీమ విమోచన సమితి పెట్టి ఇదే వాదం వినిపించారు. నిర్ణయం తీసుకునేది హైదరాబాద్‌లో గానీ తూము దగ్గర కాదు కదా, అక్కడికి నడిచి లాభమేమిటన్న ఆక్షేపణ సహజమే. జవాబు తర్వాతి చరిత్రలో కొంత ఉంది. తూము దగ్గరికి నడిచినప్పుడు కోరిక ఎవరికీ వివరించనక్కర్లేదు. ఎదురుగా నీళ్లు, వెనక ఎండిన చేలు. లేపాక్షి నుంచి అక్కడి దాకా ఉన్న ఊళ్లకు పోతిరెడ్డిపాడు అన్న పేరు నోటికొచ్చింది. 2005లో ముఖ్యమంత్రిగా అదే మనిషి దాని సామర్థ్యాన్ని 11 వేల చిల్లర క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచే ఉత్తర్వు ఇచ్చారు. తెలంగాణలో దానికి గట్టి వ్యతిరేకత వచ్చింది, సొంత పార్టీలోనే పి. జనార్దనరెడ్డి అడ్డం తిరిగారు. ఒక నదికి రెండు గట్ల మీద రెండు న్యాయాలు ఉండటం కొత్త కాదు. ఇక్కడి వాదనకు కావలసిందల్లా, యాత్రకూ ఫలితానికీ మధ్య ఇరవై ఏళ్లు పట్టిందన్నదీ, ఆ ఇరవై ఏళ్లూ కోరిక చావకుండా ఉందన్నదీ.

రాజధానికి నడిస్తే ఏమవుతుందో 2000లో కనిపించింది. విద్యుత్ చార్జీల పెంపు మీద ఆ వేసవి నుంచీ రాష్ట్రమంతా అట్టుడికింది. వామపక్షాలు చలో అసెంబ్లీ అన్నాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ కూడలిలో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. వాషింగ్టన్ సభ జరిగిన తేదీ కూడా ఆగస్టు 28 కావడం యాదృచ్ఛికమే గానీ, రెండు ప్రభుత్వాలు జనాన్ని ఎలా ఎదుర్కొన్నాయో పోల్చుకోవాలనిపిస్తుంది. చలో అని మొదలయ్యే పిలుపు ఏదైనా ఆ తర్వాత ఒకే తంతుగా మారింది. ముందురాత్రి జిల్లా నాయకుల ఇళ్ల ముందు పోలీసులు, గృహనిర్బంధాలు, 144వ సెక్షన్, పోలీసు చట్టం 30వ సెక్షన్, బస్టాండులో రైల్వేస్టేషన్‌లో తనిఖీలు. పార్టీలు మారినా ఈ తంతు మారలేదు. 2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ (పీఆర్సీ) మీద ప్రభుత్వ ఉద్యోగులు చలో విజయవాడ అన్నప్పుడూ ఇదే జరిగింది. వేలమంది తప్పించుకొని వచ్చి బీఆర్టీఎస్ రోడ్డు నింపేశారు గనుక ప్రభుత్వం చర్చలకు దిగింది. ప్రభుత్వ ఉద్యోగికి ప్రతి మండలంలో సంఘం ఉంది. పులివెందుల దగ్గరి సింహాద్రిపురం మండలంలో చీనీ తోట రైతుకు అలాంటిది లేదు.

బషీర్‌బాగ్‌లో ఆగిపోయిన కోరిక మూడేళ్ల తర్వాత వేరే దారి పట్టింది. 2003 ఏప్రిల్ 9న ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ప్రజాప్రస్థానం మొదలుపెట్టి, మండుటెండల్లో సుమారు 1,500 కిలోమీటర్లు నడిచి జూన్ 15న ఇచ్ఛాపురంలో ముగించారు. చేవెళ్ల రాజధాని పక్కనే ఉంది. ఆయన నడక రాజధాని దగ్గర మొదలై దానికి వీపు పెట్టి సాగింది. 1937లో రైతులు బయలుదేరిన ఊరే ఇప్పుడు గమ్యం. వరుస కరువుల కాలమది. దారి పొడుగునా విన్నది కరెంటు బిల్లుల గోడే. 2004 మే 14న ప్రమాణస్వీకారం చేసి పెట్టిన తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద. రాజధాని నడిబొడ్డున తుపాకులు ఆపేసిన డిమాండు, పల్లెల్లో నడిచి ఓటు పెట్టె ద్వారా అదే రాజధానికి చేరింది. ఆ తర్వాత ఇది ఒక సంప్రదాయమే అయింది. 2012 అక్టోబర్ 2న చంద్రబాబు నాయుడు హిందూపురం నుంచి, అదే నెల 18న షర్మిల ఇడుపులపాయ నుంచి, 2017 నవంబర్ 6న జగన్‌మోహనరెడ్డి మళ్లీ ఇడుపులపాయ నుంచి, 2023 జనవరి 27న లోకేశ్ కుప్పం నుంచి బయలుదేరారు. ఇడుపులపాయ పులివెందుల నియోజకవర్గంలో, వేంపల్లె మండలంలో ఉంది. 2009లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన రాజశేఖరరెడ్డి సమాధి అక్కడిదే. జగన్ 341 రోజులు, 3,648 కిలోమీటర్లు నడిచి 2019 జనవరి 9న ఇచ్ఛాపురం చేరారు. ఈ నాలుగూ సీమ గడ్డ మీద మొదలై ఉత్తరాంధ్రలో ముగిసినవే. రాజధాని వీటికి మహా అయితే దారిలో ఒక మజిలీ, అంతకన్నా ఏమీ కాదు.

ఇవి నిరసన యాత్రలే కావు, కాలినడకన చేసిన ఎన్నికల ప్రచారం అని ఎవరైనా అంటే సగం ఒప్పుకోవాలి. 1937లో బయలుదేరి, వినతిపత్రాలు పోగుచేస్తూ మద్రాసు చేరిన 2,000 మంది రైతుల్లో ఎవరూ ముఖ్యమంత్రి కావాలని నడవలేదు. ఇప్పటి యాత్రలో వినతిపత్రాలు అందుకునేవాడే నడుస్తున్నాడు, ఇచ్చేవాళ్లు దారి పక్కన నిలబడుతున్నారు. ఈ తారుమారు చిన్నదేమీ కాదు. కోరిక ఒక మనిషి జ్ఞాపకంలోకి చేరిపోతుంది, ఆ మనిషి గెలవాలి, గెలిచాక గుర్తుంచుకోవాలి. గెలుపు వరకైతే లెక్క బాగానే ఉంది: 2004, 2014, 2019, 2024 ఎన్నికల్లో అధికారం అందుకున్న ప్రతి పక్షంలోనూ అంతకుముందు నడిచినవాడు ఉన్నాడు. గుర్తుంచుకోవడం సంగతి జమ్మలమడుగును అడగాలి. ఆ నియోజకవర్గంలో ఉక్కు కర్మాగారానికి 2007లో బ్రహ్మణి పేరుతో ఒకటి, 2018 డిసెంబర్‌లో కంబాలదిన్నె దగ్గర ఒకటి, 2019 డిసెంబర్‌లో సున్నపురాళ్లపల్లెలో ఒకటి, 2023 ఫిబ్రవరిలో జిందాల్ సంస్థతో ఇంకొకటి, నాలుగు శంకుస్థాపనలు జరిగాయి. వేసింది ముగ్గురు ముఖ్యమంత్రులు, ముగ్గురూ పాదయాత్ర చేసినవాళ్లే. మూడు పార్టీలకూ అవకాశమిచ్చి చూసిన జిల్లాకు ఇంతవరకు మిగిలినవి రాళ్లే. 2024లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు తెలుగుదేశం కూటమి వైపు తిరిగాయి, పులివెందుల తిరగలేదు. ఓటు ద్వారా రాజధానికి పంపిన కోరికకు అయిదేళ్లకోసారి తప్ప అడిగే వీలు లేదు. ప్రచారం అన్న విమర్శలో బలం ఇక్కడుంది. అయినా ఆ మిగతా సగం ఒప్పుకోలేం: ఉచిత విద్యుత్ లాంటివి ఎన్నికల ప్రణాళికల్లోకి వచ్చింది కాంగ్రెస్ కార్యాలయం గాంధీభవన్ గదుల్లో పుట్టి కాదు, దారిలో విని.

ఇంకా బలమైన అభ్యంతరం తెలంగాణది. అక్కడ ఉద్యమం రాజధాని నడివీథుల్లోనే గెలిచింది కదా, మరి రాజధానిని వదిలేయడం తెలివి ఎట్లా అవుతుంది? 2009 డిసెంబర్ 10న చలో అసెంబ్లీ జరపాలని ఉస్మానియా విద్యార్థులు పిలుపిచ్చారు. ప్రత్యేక రాష్ట్రం కోసం కేసీఆర్ చేస్తున్న నిరాహారదీక్ష పదకొండో రోజుకు చేరింది. 9వ తేదీ రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. 1941లో రాండాల్ఫ్‌కు జరిగినట్టే, నడవకముందే మాట వచ్చింది. ఆ మాట తర్వాత వెనక్కి పోయింది. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్, 2012 సెప్టెంబర్ 30న నెక్లెస్ రోడ్డులో సాగరహారం జరిగాక గానీ రాష్ట్రం రాలేదు. అయితే తెలంగాణవాళ్లకు హైదరాబాద్ వేరే ఊరు కాదు. సిద్దిపేట నుంచి, నల్గొండ నుంచి పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతారు, అడ్డుకుంటే బంధువుల ఇంట్లో తలదాచుకుంటారు. ఉద్యమం పుట్టిన విశ్వవిద్యాలయమే ఆ ఊళ్లో ఉంది. పులివెందుల నుంచి హైదరాబాద్‌కైనా అమరావతికైనా రాత్రంతా బస్సు ప్రయాణం. రాజధానిని చుట్టుముట్టగల జనానికి రాజధాని యాత్ర పదునైన ఆయుధం. అంచున ఉన్న జనానికి అదే పద్ధతి పనిచేస్తుందనుకోవడం పొరపాటు.

ఢిల్లీ విషయంలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2019 ఫిబ్రవరి 11న ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆంధ్రా భవన్‌లో ఒకరోజు దీక్ష చేశారు. జనాన్ని తేవడానికి అనంతపురం నుంచి ఒకటి, శ్రీకాకుళం నుంచి ఒకటి, ప్రభుత్వ ఖర్చుతో రెండు ప్రత్యేక రైళ్లు వేశారు. పని ముగిశాక జనం తిరుగు రైలెక్కారు. అంతకుముందు ప్రతిపక్షం చేసిన ఢిల్లీ ధర్నాలకూ ఇంతకు మించిన జాడ మిగల్లేదు. వాటి పక్కన 2020 నవంబర్ 26న బయలుదేరిన పంజాబ్, హర్యానా రైతులను పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. వాళ్లను ఢిల్లీలోకి రానివ్వలేదు. సింఘూ, టిక్రీ సరిహద్దుల్లో రోడ్డు మీదే ఏడాదికి పైగా ఉన్నారు. పిండి, పాలు, కట్టెలు వెనక ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో వస్తూనే ఉన్నాయి. వంతుల ప్రకారం మనుషులు మారుతూ వచ్చారు. 2021 నవంబర్ 19న వాళ్లు వద్దన్న మూడు వ్యవసాయ చట్టాలను వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని అన్నారు. గమ్యం చేరని యాత్ర గెలిచింది. రైల్లో తిన్నగా గమ్యం చేరినది ఓడింది.

ఇక రాజధాని ఊళ్లవాళ్లే రాజధాని విడిచి నడిచిన సందర్భం ఒకటుంది.  అమరావతికి 33 వేలకు పైగా ఎకరాలు ఇచ్చిన రైతులు, మూడు రాజధానుల నిర్ణయానికి నిరసనగా 2021 నవంబర్ 1న తుళ్లూరు నుంచి తిరుపతికి, న్యాయస్థానం నుంచి దేవస్థానానికి అంటూ బయలుదేరారు. సచివాలయం వాళ్ల పొలాల్లోనే ఉంది, ముట్టడించాలంటే గట్టు దాటితే చాలు. అయినా దూరంగా పోయారు. తమది ఇరవై తొమ్మిది గ్రామాల గొడవ కాదని మిగతా జిల్లాలకు చెప్పుకోవలసిన అవసరం వాళ్లది. నడక సగంలో ఉండగా, నవంబర్ 22న, ప్రభుత్వం మూడు రాజధానుల చట్టాన్ని ఉపసంహరించుకుంది. అప్పటికే కోర్టులో వాదనలు నడుస్తున్నాయి గనుక ఆ ఘనత నడకకే కట్టబెట్టలేం. డిసెంబర్ 17న తిరుపతిలో వాళ్ల సభ ముగిస్తే, మర్నాడే అదే ఊళ్లో మూడు రాజధానులే కావాలని ఇంకో సభ జరిగింది. సీమ మాట ఇంకా తేలలేదని ఆ రెండో సభ చెప్పింది. శ్రీబాగ్‌ను గుర్తుచేసేవాళ్లు అమరావతి రైతుకు శత్రువులేమీ కారు. వాళ్ల ఫిర్యాదు 1937 నాటిది, అంతే.

నాయకుడి వెంట కాకుండా, రాజధానికి కాకుండా, సొంతంగా నడిచే పద్ధతి సీమలో పూర్తిగా పోలేదు. 2016 మే 31న రాయలసీమ సాగునీటి సాధన సమితి చలో సిద్ధేశ్వరం అంది. బొజ్జా దశరథరామిరెడ్డి దానికి నాయకుడు, ఏ పార్టీ టికెట్టూ ఆయన అడగడం లేదు. 1950ల మొదట్లో కృష్ణా-పెన్నా పథకంలో భాగంగా అనుకొని వదిలేసిన చోట, కృష్ణ మీద అలుగు కట్టాలన్నది కోరిక. శ్రీశైలంలో నీటిమట్టం పడిపోయినప్పుడు పోతిరెడ్డిపాడు తూముకు నీరందదు, పైన అలుగు ఉంటే అందుతుందన్నది వాళ్ల లెక్క. పోలీసులు దారుల్లో ఆపినా వేలమంది కొండదారుల్లో నదిలోకి దిగి తామే శంకుస్థాపన చేసుకున్నారు. ముఖ్యమంత్రి వేసే రాయికీ ఆ రాయికీ చట్టం దృష్టిలో పోలిక లేదు గానీ, ఏటా మే 31న అక్కడికి మళ్లీ వెళ్లేవాళ్లున్నారు. కేంద్రం 2022లో ఆ చోటనే తీగల వంతెన మంజూరు చేసింది. దాని బదులు వంతెనతో కలిపి బ్యారేజీ కట్టమన్నది ఇప్పుడు సమితి డిమాండు. కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ ప్రభుత్వాలు ఇంకా వంతెన మాటే చెబుతున్నాయి.